పదకొండు ఇళ్ల మంచు గడ్డాలు

మా సంగీన్ గల్లీలో పన్నెండు ఇళ్లు. గల్లీ కొండకోట పాదం దగ్గర, మసీదు పక్కన మొదలై, ఏ ఇంజనీరూ బాధ్యత వహించని వంపులు తిరుగుతూ అరవై నాలుగు మెట్లెక్కి, పన్నెండో ఇంటి గుమ్మంలో ఆయాసపడి ఆగిపోతుంది. నీళ్ల గొట్టానిదీ అదే దారి, అదే ఆయాసం. మొదటి ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు ముఖాన కొడతాయి. ఆరో ఇంట్లో మర్యాదగా వస్తాయి. పన్నెండో ఇంటికి మాత్రం, వస్తున్నామన్న కబురు వస్తుంది. ఒక గురగుర, రెండు దగ్గులు, అంతే.

ఆ పన్నెండో ఇల్లు ఖాలిక్ ఆహంగర్‌ది. ఖాలిక్ వృత్తి, శ్రీనగర్ పాతబస్తీలో సగం ఇళ్లకి తెలిసినట్టే, నీళ్ల గొట్టాలు బిగించడం, బాగుచేయడం.

"ఖాలిక్ కాకా, మీ ఇంటి గొట్టం ఎవరు బిగించారో ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూపించు. ఎప్పుడూ మా ఇంటికి పిలవకుండా గుర్తుపెట్టుకుంటాను" అనేవాడు రొట్టెల సిద్దీక్, గల్లీ మొదట్లో తందూరు ముందు కూర్చుని.

"నేనే బిగించాను. గొట్టంలో దోషం లేదు. గొట్టానికి ముందున్న పదకొండు ఇళ్లలో ఉంది" అనేవాడు ఖాలిక్, తన వంతు రొట్టెలు మోకాళ్ల దాకా వేలాడే ఉన్ని ఫిరన్ లోపల దాచుకుంటూ.

అందరూ నవ్వేవారు. ఆ మాటని ఇరవై ఏళ్లుగా హాస్యం కిందే జమకట్టాం.

ఆహంగర్ అంటే కమ్మరి. ఖాలిక్ తాత గుర్రాలకి నాడాలు కొట్టాడు. తండ్రి పారలు, కత్తిపీటలు చేశాడు. ఖాలిక్‌కి పద్నాలుగేళ్లప్పుడు పేటలోకి ఇనప గొట్టాలు వచ్చాయి, గుర్రాలు వెళ్లిపోయాయి. "ఇనుము ఇనుమేరా, దాని ఆకారం మారింది, మనమూ మారితే సరి" అని తండ్రి అతన్ని ఒక పంజాబీ మేస్త్రీ దగ్గర చేర్చాడు. అక్కడ ఏడేళ్లు పనిచేసి, ఒక పైపు పానా, ఒక ఇనప ఊచ, కొన్ని మార్పులేని అభిప్రాయాలు సంపాదించుకుని తిరిగొచ్చాడు. పానా రెండుసార్లు మారింది. అభిప్రాయాలు మారలేదు.

వాటిలో మొదటిది: గొట్టాన్ని జనవరిలో బాగుచేసేవాడు కూలివాడు, అక్టోబరులో బాగుచేసేవాడు మేస్త్రీ. అందుకే మా ఆడవాళ్లు ఎండు వంకాయ దండలు కిటికీలకి వేలాడదీసే రోజుల్లో ఖాలిక్ గోనె సంచులు, వరిగడ్డి మోపు వేసుకుని ఇంటింటికీ ఉపన్యాసయాత్ర చేసేవాడు. ఉత్తరపు గోడ మీద గొట్టం ఉంటే దానికి గడ్డి చుట్టి, పైన గోనె కట్టి, ఆ పైన తడి తగలకుండా ప్లాస్టిక్ కాగితం వేయాలి. తడిసిన గోనె గొట్టానికి రక్షణ కాదు, చలికి పరుపు. అటకమీద కిటికీ పగుళ్లు మూయాలి. మీటరు గుంతలో పొట్టు నింపాలి. గొట్టం గడ్డకడితే మరుగు నీళ్లు పోయకూడదు, కింద కాగితాలు కాల్చకూడదు, ఒళ్లు కాచుకునే కాంగ్డీ కుంపట్లోంచి నిప్పులు తీసి గొట్టం మీద గుమ్మరించడం అసలే కూడదు. గోరువెచ్చటి గుడ్డ చుట్టాలి, అదీ కుళాయి వైపు నుంచి మొదలుపెట్టాలి. "మధ్యలో మొదలెడితే కరిగిన నీళ్లు ఎటు పోతాయి? నీ తలమీదకి పోతాయి."

మేం శ్రద్ధగా తల ఊపేవాళ్లం. డిసెంబరు ఆఖరున చిల్లై కలాన్, అంటే నలభై రోజుల పెద్ద చలి, దిగగానే మరుగు నీళ్లు పోసేవాళ్లం, కాగితాలు కాల్చేవాళ్లం, నిప్పులు గుమ్మరించేవాళ్లం. తర్వాత ఖాలిక్‌ని పిలిచేవాళ్లం.

ఇవన్నీ ఎవరైనా మర్చిపోవచ్చుగానీ, ఒక్క సూత్రం మాత్రం మా గల్లీలో పాలతో పాటు తాగిస్తారు: పెద్ద చలిలో రాత్రిపూట కుళాయి కొంచెం వదిలి పడుకోవాలి. మా అమ్మ మాటల్లో, "నీళ్లని నిద్రపోనిచ్చావా, చచ్చిపోతాయి. మెలకువగా ఉంచు." దారమంత ధార వదిలితే నీళ్లు గొట్టంలో నడుస్తూ ఉంటాయి, నడిచేది గడ్డకట్టదు. ఇది నిజమే. ఒక్క ఇల్లుంటే నిజం. పన్నెండు ఇళ్లుంటే, కింది పదకొండు ఇళ్లలో నీళ్లు రాత్రంతా మెలకువగా ఉంటాయి, పన్నెండో ఇంటికి అసలు పుట్టనే పుట్టవు.

అలా ఇరవై చలికాలాలు ఖాలిక్ భార్య ముఖ్తీ మసీదు పక్క వీధికుళాయి నుంచి అరవై నాలుగు మెట్లు నీళ్లు మోసింది. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు. గడ్డకట్టిన మెట్ల మీద గడ్డి తాళ్లు చుట్టిన బూట్లతో. కిందటి ఏడాది నలభయ్యో మెట్టు దగ్గర కాలు జారింది. బిందె మసీదు దాకా మోగుకుంటూ పోయింది. ముఖ్తీ కుడి మణికట్టు విరిగింది. ఎముకలు కట్టే హకీం గుడ్డు సొన పట్టీ వేసి, వంకరగానే అయినా, అతికించాడు.

పట్టీ విప్పిన రోజు ఖాలిక్ ఆవిడకి మాట ఇచ్చాడు. "వచ్చే పెద్ద చలిలో నువ్వు మెట్లు దిగవు. నీళ్లే నీ దగ్గరికి ఎక్కొస్తాయి."

"ఆహంగర్ సాబ్, ఇరవై ఏళ్ల నుంచి ఎక్కనివి ఇప్పుడెక్కడానికి వాటికేమైనా మోకాళ్లు కొత్తగా వచ్చాయా?" అందిట ముఖ్తీ.

"నీళ్లకి కాదు. గల్లీకి తెప్పిస్తాను."

ఆ వేసవంతా అతను పని చేశాడు. ప్రతి ఇంటి ముందూ మూడడుగుల గుంత తవ్వాడు. గుంతలో ఇంటికొచ్చే గొట్టానికి ఒక వాల్వు పెట్టాడు. వాల్వు దాటాక, అన్నిటికన్నా పల్లంలో, చిటికెన వేలంత కుళాయి ఒకటి బిగించాడు. పొట్టు నింపి, పలక మూశాడు. సామాను మాది, కష్టం అతనిది. ఎంత ఇవ్వమంటావని అడిగితే, "చిల్లై కలాన్‌లో ఇద్దురు" అన్నాడు.

ఆ ఇవ్వవలసిందేమిటో అక్టోబరులో సిద్దీక్ రొట్టెల కొట్టు దగ్గర చెప్పాడు. మా గల్లీకి శాసనసభ అదే. పొద్దున్నే రొట్టెలకి కాచుకున్నవాళ్లంతా సభ్యులు, తందూరు అధ్యక్షస్థానం.

"రాత్రి ఇషా నమాజు అయ్యాక ఇంటింటా వాల్వు కట్టేయండి. పల్లంలో చిన్న కుళాయి విప్పండి. మేడమీద కుళాయి కూడా విప్పండి, గాలి దూరుతుంది. ఇంట్లో గొట్టాల్లో ఉన్న నీళ్లన్నీ బకెట్‌లోకి దిగిపోతాయి. ఖాళీ గొట్టాన్ని చలి ఏం చేసుకుంటుంది? కొరుక్కుంటుందా? పొద్దెక్కాక వాల్వు తెరవండి. అయిదు నిమిషాల పని. గల్లీ కింద పెద్ద గొట్టం మూడడుగుల లోతున ఉంది, దానికేం కాదు. మీరంతా కట్టేస్తే గంటలో నీళ్లు మా ఇంటికి ఎక్కుతాయి. రెండు డ్రమ్ములు నింపుకుని నేనూ కట్టేస్తాను."

"మరి కుళాయి వదలకూడదా?" అన్నారెవరో, దిగులుగా.

"గొట్టంలో నీళ్లే లేకపోతే దేన్ని మెలకువగా ఉంచుతావు?"

అప్పుడు రెండో ఇంటి హిసాముద్దీన్ మాస్టర్ గొంతు సవరించుకున్నారు. మాస్టర్‌గారు ముప్ఫై ఆరేళ్లు భూగోళం చెప్పి విశ్రమించిన మనిషి. నాభి దాకా తెల్లటి గడ్డం. మా గల్లీలో పెళ్లిసంబంధం నుంచి పిల్లికాటు దాకా ఆయన మాటే ఆఖరు మాట. ఆయన తందూరు మీంచి వేడి రొట్టె ఒకటి తీసి ఎత్తిపట్టుకున్నారు.

"ఒక ఆడకూతురు మన నీళ్ల కోసం మన మెట్ల మీద చెయ్యి విరగ్గొట్టుకుంది. అది గల్లీ చెయ్యి. ఈ రొట్టె తలా ఒక ముక్క తుంచుకోండి. తిన్నవాడు మాటిచ్చినట్టు. పెద్ద చలి నలభై రోజులు, ఇషా తర్వాత ఏ ఇంట్లోనూ కుళాయి పారదు."

పదకొండు చేతులు రొట్టె తుంచాయి. ఆఖరి ముక్క ఖాలిక్‌కి మిగిలింది. అతను దాన్ని చాలాసేపు నమిలాడు. ఏడ్చాడని తర్వాత సిద్దీక్ అన్నాడు. తందూరు పొగ అయుండొచ్చు.

చిల్లై కలాన్ మొదటి రాత్రి మేమంతా గుంతల్లో చేతులు పెట్టి, యుద్ధానికి వెళ్లేవాళ్లలాగా ఒకర్నొకరు పిలుచుకుంటూ వాల్వులు కట్టాం. గంటకి పై ఇంట్లో కుళాయి దగ్గింది, తుమ్మింది, ఒక గుక్కెడు తుప్పు నీళ్లు ఉమ్మింది, ఆ తర్వాత తెల్లగా ధార కట్టింది. ముఖ్తీ డ్రమ్ము కింద పెట్టకుండా ధార కింద వంకర మణికట్టు పెట్టి నిలబడిపోయిందట. "వృథా చేస్తున్నావ్" అన్నాడట ఖాలిక్. "ఇరవై ఏళ్ల వృథా ఉంది, ఇంకో నిమిషం ఓర్చుకో" అందట.

రెండో రాత్రీ వచ్చాయి. మూడో రాత్రీ. నాలుగో రాత్రి ధార సన్నబడింది. అయిదో రాత్రి ఒక్క డ్రమ్మే నిండింది. ఏడో రాత్రి కుళాయి దగ్గి ఊరుకుంది.

ఖాలిక్ ముందు తనని తాను అనుమానించాడు. తన గుంత తవ్వి, తన వాల్వు విప్పి, లోపలి తోలుబిళ్ల మార్చాడు. రాలేదు. తన ఇంటి గొట్టం మొత్తం ఊడదీసి ఊది చూశాడు. శుభ్రంగా ఉంది. అప్పుడతనికి భయం పట్టుకుంది: గల్లీ కింద పెద్ద గొట్టమే ఎక్కడో గడ్డకట్టిందా? మూడడుగుల లోతు చాలలేదా? లెక్క తప్పిందా? నలభై ఏళ్ల వృత్తిలో మొదటిసారి అతని ముఖంలో, ఈ ఊరికి నేను తప్పుడు సలహా ఇచ్చానేమో అన్న భావం కనబడింది.

మర్నాడు అతను ఎనిమిదో ఇంటి ముందు గల్లీ తవ్వడం మొదలుపెట్టాడు. చలికి నేల రాయిలా ఉంది. గునపం కొడితే నిప్పురవ్వలు లేచాయి. రెండు రోజులు తవ్వాడు. మేమంతా చుట్టూ చేరాం. మానవ చరిత్రలో ఒక గుంతకి అంత సానుభూతి ఎప్పుడూ దక్కి ఉండదు. ఒకరు కాంగ్డీ తెచ్చి అతని పక్కన పెట్టారు. ఒకరు ఉడకబెట్టిన టర్నిప్ తెచ్చారు. మంచు పడుతుంటే హిసాముద్దీన్ మాస్టర్ స్వయంగా గొడుగు పట్టుకున్నారు.

"ఇంకాస్త ఎడమకి తవ్వు ఖాలిక్, అక్కడ నేల గుణం వేరు" అన్నారు, భూగోళ శాస్త్రం నుంచి.

"వద్దులే కాకా, ఈ యేడు చలే అలాంటిది. ఎవరి తప్పూ లేదు" అన్నాడు సిద్దీక్.

నేను నూన్ చాయ్, అంటే మా ఉప్పు టీ, తీసుకెళ్లాను. ఖాలిక్ గుంతలోంచి చెయ్యి చాచి కప్పు అందుకుని, "నువ్వు మంచివాడివి ఫయాజ్" అన్నాడు. నేను కప్పు ఖాళీ అయ్యేదాకా గట్టున నిలబడి, తీసుకుని ఇంటికొచ్చాను.

రెండో రోజు సాయంత్రం గొట్టం బయటపడింది. మంచులేదు, గడ్డలేదు, పగులు లేదు. ఖాలిక్ గుంతలో మోకాళ్లమీద కూర్చుని తన ఇనప ఊచ ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. అప్పటికి ఇషా అయిపోయింది. ఏ ఇంట్లోనూ కుళాయి పారని సమయం. అతను చాలాసేపు అలాగే ఉన్నాడు. "ఏం వినబడుతోంది కాకా?" అంటే, "ఏంలేదు, ఇంటికెళ్లండి, చలి" అన్నాడు. వినబడింది ఏమిటో పొద్దున తెలిసింది. గొట్టంలో నీళ్లు నడుస్తున్నాయి. పన్నెండో ఇంటికి కాదు.

మా ఇళ్లకి వెనక వైపు మురుగు కాలువ ఉంది. వంటింటి నీళ్లు గోడలో ఉన్న తూముల్లోంచి దాంట్లో పడతాయి. చలికాలంలో అటు ఎవరూ పోరు. మొలలోతు మంచు ఉంటుంది. తెల్లారుతూనే ఖాలిక్ ఆ మంచులో దిగి, మొదటి ఇంటి వెనక నుంచి పదకొండో ఇంటి వెనక దాకా నడిచాడు.

రాత్రంతా సన్నటి ధార పారితే తూము నోట్లో గడ్డకడుతుంది. పొరమీద పొర పేరుకుని, కిందికి వేలాడుతూ పెరుగుతుంది. మంచు గడ్డం అంటాం. మాటకి కట్టుబడిన ఇంటి తూముకి అది ఉండకూడదు. ఉన్న ఇంటి సంగతి దాని పొడుగే చెబుతుంది. ఖాలిక్ లాంటివాడు పొరలు చూసి ఎన్ని రాత్రులో చెప్పగలడు.

పదకొండు తూములకీ పదకొండు గడ్డాలు ఉన్నాయి. మూడోదీ తొమ్మిదోదీ లేతవి, అయిదారు రాత్రులవి. ఆరోది మోచెయ్యంత. నాలుగో ఇంటి గడ్డం గురించి ఎక్కువ చెప్పను, అది మా ఇల్లు. వాల్వు నేనే కట్టాను, మొదటి మూడు రాత్రులు. నాలుగో రాత్రి మా అమ్మ "అందరూ వదిలే ఉంటార్రా, మన ఒక్కళ్లదే పగలాలా?" అంది. నేను కాదనలేదు. గుంతలో చెయ్యి పెట్టడం చల్లగా కూడా ఉంది.

అన్నిటికన్నా పెద్దది రెండో ఇంటిది. తూము నుంచి కాలువ దాకా దిగి, నేలమీద మడుగు కట్టి, దానిమీద మళ్లీ పేరుకుంది. పది రాత్రులది. అంటే మొదటి రాత్రి నుంచీ.

ఇంటికొచ్చి ఖాలిక్ బూట్లు విప్పుతుంటే ముఖ్తీ అతని ముఖం చూసి, "వెనక్కి వెళ్లొచ్చావా?" అంది.

"నీకు తెలుసా?"

"అయిదో రోజే తెలుసు. మన కుళాయికి వేలు అడ్డం పెడితే లోపలికి లాగుతోంది. నీళ్లు లేకపోతే ఊరుకోవాలి గానీ లాగడమేమిటి? కింద ఎవరో తాగుతుంటేనే లాగుతుంది."

ఖాలిక్ ఆమెనే చూశాడు. కుళాయికి వేలు పెట్టి చూడడం ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠం. తన వాల్వు విప్పాడు, తన గొట్టం ఊడదీశాడు, రాయిలాంటి నేల రెండు రోజులు తవ్వాడు, వేలు మాత్రం పెట్టలేదు. మనుషులు రొట్టె తిన్న చోట వేలు పెట్టి చూడాలని అతనికి తోచలేదు.

"రెండు రోజులు తవ్వాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పాలనే వచ్చాను గుంత దాకా. మాస్టర్‌గారు నీకు గొడుగు పడుతున్నారు. నువ్వు ఆయన్ని చూసి నవ్వుతున్నావు. ఆ నవ్వు చూశాక నోరు రాలేదు."

ఆ పొద్దున రొట్టెల కొట్టు దగ్గర ఖాలిక్ కేకలు వేయలేదు. వేసుంటే మాకు సుఖంగా ఉండేది. అతను తన రొట్టెలు తీసుకుని, చిల్లర జేబులో వేసుకుని, వెళ్లబోతూ ఆగాడు.

"మాస్టర్ జీ, మీ ఇంటి వెనక గడ్డం మీ గడ్డం కంటే పొడుగుంది."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. మాస్టర్‌గారు కాంగ్డీని ఫిరన్‌లో అటూ ఇటూ సర్దుకున్నారు.

"అదేం లేదు ఖాలిక్. అంట్లు తోమిన నీళ్లు..."

"పది రాత్రుల అంట్లా?"

"చూడు, నేను వదిలింది ఎంత? దారమంత. దారమంత ధారకి ఎవరి నీళ్లు ఆగుతాయి?"

"మాదీ దారమంతే" అన్నాడు ఆరో ఇంటాయన, ధైర్యం తెచ్చుకుని.

"మాదైతే దారం కూడా కాదు, వెంట్రుక" అన్నాడు సిద్దీక్.

"పదకొండు దారాలు పేనితే తాడవుతుంది" అన్నాడు ఖాలిక్.

"కోప్పడకు కాకా. ఎవరో ఒకరు మోసం చేశారంటే బాధపడాలి గానీ, అందరం చేశాం కదా. ఇందులో నీమీద పగ ఏముంది? అలవాటు" అన్నాడు సిద్దీక్.

ఖాలిక్ సిద్దీక్ వైపు తిరిగి, ఆ వాదన బరువెంతో తూచుతున్నట్టు కొంచెంసేపు చూశాడు.

"నిజమే. ఒక్కడు చేసుంటే వాడి ఇంటి ముందు నిలబడేవాణ్ణి. ఇప్పుడు ఎవరి ముందు నిలబడను?" అన్నాడు. మాస్టర్‌గారు ఇంకో రొట్టె తీయడానికి తందూరు వైపు చెయ్యి చాచారు. "వద్దు మాస్టర్ జీ, చల్లారిపోతుంది, తినండి" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

సరిగ్గా మూడో రోజు ప్రకృతి మాస్టర్‌గారింటికి పాఠం చెప్పడానికి వచ్చింది. తూములో పెరిగిన గడ్డం లోపలికి కూడా పెరిగి, గోడలో గొట్టాన్ని బిరడాలా మూసేసింది. వదిలిన దారం రాత్రంతా పోవడానికి దారిలేక తొట్టి నిండి, వంటింట్లో పొర్లి, నమ్దా తివాచీలు తడిపి, చలికాలం వెచ్చగా కూర్చునే హమ్మాం గది గడప దాకా వెళ్లి అక్కడ గడ్డకట్టింది. మాస్టర్‌గారు తెల్లారి వంటింట్లో అడుగుపెట్టి, భూగోళం మీద తనకున్న పట్టు కోల్పోయి, బోర్లా పడ్డారు. గడ్డం నేలకి అతుక్కుంది. కోడలు వేడిగుడ్డతో విడదీసింది. కుళాయి వైపు నుంచి మొదలుపెట్టాలన్న సూత్రం ఇక్కడ వర్తించదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు పాపం, చాలాసేపు పట్టింది.

ఖాలిక్‌కి కబురెళ్లింది. రాడనే అందరం అనుకున్నాం. అతను పానా, ఊచ తీసుకుని వచ్చాడు. మేం నలుగురం గుమ్మంలో నిలబడ్డాం. అతను మమ్మల్ని లెక్కచేయలేదు. ముందు గుంతలో వాల్వు కట్టాడు. పల్లపు కుళాయి విప్పాడు. వెనక్కి వెళ్లి గడ్డాన్ని బయటి కొస నుంచి, గోరువెచ్చటి గుడ్డలు మారుస్తూ, గోడ పగలకుండా, ఓపిగ్గా కరిగించుకుంటూ వచ్చాడు. రెండు గంటలు. మునుపు ఎంత జాగ్రత్తగా చేసేవాడో అంతే జాగ్రత్త. ఒక గుడ్డ తక్కువ కాదు.

తూము తెరుచుకుంది. మాస్టర్‌గారి భార్య చాయ్ కాగే సమోవారు తెచ్చి, నాలుగు రకాల రొట్టెలు దస్తర్‌ఖాన్ గుడ్డ మీద పరిచింది. మా గల్లీలో పనయ్యాక చాయ్ తాగకుండా వెళ్లిన మేస్త్రీ అప్పటిదాకా లేడు.

"కూర్చో ఖాలిక్, ఒక కప్పు" అన్నారు మాస్టర్‌గారు. ఆయన గొంతు నిజంగానే చిన్నబోయి ఉంది.

"ఇంట్లో తాగొచ్చాను."

"సగం కప్పు."

"తాగొచ్చాను మాస్టర్ జీ."

పానా తుడుచుకుని వెళ్లిపోయాడు. సమోవారు చాలాసేపు ఒంటరిగా ఉడికింది. ఎవరూ పోసుకోలేదు.

ఆ రాత్రి ఇషా కాగానే, ఎవరూ ఎవర్నీ పిలవకుండా, పదకొండు ఇళ్లవాళ్లం గుంతల్లో చేతులు పెట్టాం. నేను వాల్వు బిగించి, ఇంకోసారి బిగించి, అమ్మ ఏదో అనబోతే "పడుకో అమ్మా" అన్నాను. గల్లీలో ఒక్క చుక్క పారలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇళ్ల వెనక గడ్డాలు పొట్టివవుతున్నాయి. మాకు మేమే చాలా గొప్పగా కనబడసాగాం.

కానీ పొద్దున్నే ఖాలిక్ రెండు బిందెలతో మెట్లు దిగుతూనే ఉన్నాడు. వీధికుళాయి దగ్గర నింపుకుని, ఒకటి భుజాన, ఒకటి చేత, పదకొండు గుమ్మాల ముందునుంచి ఎక్కుతూనే ఉన్నాడు. సలాం చెబితే సలాం చెబుతాడు. బిందె అందుకోబోతే, "తొణుకుతుంది, వదిలేయ్" అంటాడు.

నాలుగో రోజు మాస్టర్‌గారు ఇక ఆగలేక అరవై నాలుగు మెట్లూ ఎక్కారు. నన్ను తోడు రమ్మన్నారు. నలభయ్యో మెట్టు దగ్గర ఇద్దరం గోడ పట్టుకున్నాం. పైన ముఖ్తీ వరండాలో ఎండు టర్నిప్ ముక్కలు ఏరుతోంది. ఖాలిక్ పక్కన ఊచకి నూనె రాస్తున్నాడు.

"ముఖ్తీ బేటీ, నీళ్లు వస్తున్నాయి కదూ? మూడు రాత్రుల నుంచి గల్లీ మొత్తం కట్టేసింది. నేనే స్వయంగా కనుక్కున్నాను. ఒక్క ఇల్లు తప్పలేదు."

ముఖ్తీ తల ఎత్తింది. "వస్తున్నాయేమో మాస్టర్ జీ. నేను చూడలేదు."

"చూడకపోవడమేమిటి?"

"మా వాల్వు కట్టేయించాను. మొన్న ఈయన మీ ఇంటినుంచి రాగానే, గొట్టం కోసి మూత బిగించమన్నాను. బిగించాడు."

మాస్టర్‌గారు ఖాలిక్ వైపు చూశారు. ఖాలిక్ ఊచకి నూనె రాస్తూనే ఉన్నాడు.

"పిచ్చిపిల్లా, నీళ్లు గోడదాకా వచ్చి నిలబడి ఉంటాయి! మేమంతా నీకోసం..."

"తెలుసు. పెద్ద చలి మొదటి మూడు రాత్రులూ ఎంత సంతోషపడ్డానో అల్లాకి తెలుసు. నాలుగో రాత్రి నుంచి ఇషా కాగానే కుళాయి ముందు కూర్చునేదాన్ని. ఇవాళ వదిలారా, కట్టారా, ఎవరు వదిలారు, ఎవరు కట్టారు, ఒక్కొక్క ఇల్లూ తలుచుకుంటూ. ఇరవై ఏళ్లు బిందెలు మోశాను మాస్టర్ జీ, ఒక్కరోజు కూడా మీలో ఎవరి గురించీ చెడ్డగా తలవలేదు." ఆవిడ పాడైన ముక్క ఒకటి ఏరి పక్కన పడేసింది. "మెట్లు నయం. జారిస్తే జారుస్తాయి, జారనివ్వం అని మాత్రం ఎప్పుడూ మాటివ్వలేదు."

మాస్టర్‌గారు గుమ్మంలోంచి తొంగి చూశారు. లోపల గదిలో, మూత బిగించిన గొట్టం గోడలోంచి జానెడు బయటికి పొడుచుకుని ఉంది. దానిమీద ముఖ్తీ తడిగుడ్డ ఆరేసింది.

"జాగ్రత్తగా దిగండి. ఎడమ వైపు గోడ పట్టుకోండి. నలభయ్యోది ఇంకా నున్నగా ఉంది" అన్నాడు ఖాలిక్, ఊచ మీంచి తల ఎత్తకుండా.